ఒంటికాలికి సరిపడే ఇంజన్

క్రాడ్లీ హీత్
3 మార్చి 1996, ఆదివారం

ఒరేయ్ క్లైవ్,

నీ ఉత్తరం అందింది. తమ్ముడికి ఫోను చెయ్యొచ్చు కదా అని పక్కింటి డంక్లీ గారమ్మ ఒకటే పోరు. మనిద్దరం ఫోనులో మూడు నిమిషాలు దాటితే మర్యాదగా ఉండలేమని ఆవిడకేం తెలుసు? మా ఆయన కెన్ పోయినప్పుడు అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి పెట్టే శాండ్‌విచ్‌లలో హామ్ వెయ్యాలా గుడ్డు వెయ్యాలా అని ఫోనులో పోట్లాడుకుని ఏడాదిన్నర మాటల్లేకుండా ఉన్నాం. కాగితమే నయం. కోపం వచ్చినా స్టాంపు అంటించేలోపు సగం చల్లారుతుంది.

కాలు తీసేసిన మనిషికి ఎలా ఉన్నావని రాయడం నాకు చేతకాదు, కాబట్టి రాయను. డాక్టరు చెప్పింది మాత్రం గుర్తు చేస్తాను. నీ కాళ్ళ రక్తనాళాలు పూడిపోయింది సిగరెట్ల వల్ల. అవి మానకపోతే కుడికాలికి తను పూచీ పడనన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు.

నీకోసం నేను షెడ్డులో చేస్తున్న కారు సంగతికి వస్తాను. ఫ్రేము వెల్డింగు అయిపోయింది. పైపులన్నీ తిన్నగా వచ్చాయి. చెరో చివర పట్టుకుని నేనూ డంక్లీ గారమ్మా లేపి చూశాం, లేచింది. ఇద్దరి వయసూ కలిపితే నూట ముప్ఫై దాటుతుంది, అర్థం చేసుకో ఎంత తేలికో. పాత ఎస్కార్ట్ కారు పెరట్లో వానకి తడుస్తోంది. విడిభాగాలు పీక్కునే బండిని, సొంతంగా కార్లు చేసుకునే మీ క్లబ్బువాళ్ళు దాత అంటారు కదా, ఆ దాతలోంచి ఇరుసు, బ్రేకులు, స్టీరింగు పీకేశాను. ఇంజన్ మాత్రం పీకలేదు. దానికి క్లచ్ పెడల్ కావాలి, పెడల్‌కి ఎడమకాలు కావాలి.

నాకు ఒకటి తోచింది. కెన్ పెద్ద కారు ఆయన పోయినప్పటినుంచి గరాజులో దుప్పటి కప్పుకుని ఉంది. రెండు లీటర్ల ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పెడళ్ళు రెండే, కుడికాలు ఒక్కటి చాలు. గేరు మార్చే బాధే లేదు. నువ్వు ఊఁ అంటే వచ్చేవారం దించేస్తాను.

ఇరవై ఏడేళ్ళు టూరిస్టు బస్సు నడిపావు. వెనక యాభై మంది ముసలాళ్ళు బాత్రూముకి ఆపమని అడగని బండి ఒక్కటి నడిపి చస్తానని నువ్వే అన్నావు. ఆ బండి నేను చేసిపెడతాను. కాలు పోయింది కదా అని ఆ మాట ఎక్కడికీ పోలేదు.

ఆసుపత్రిలో పెట్టింది తిను, బయటినుంచి తెప్పించుకున్న చిప్స్ మీద బతకకు.

మావిస్ అక్క


స్కార్‌బరో
9 మార్చి

అక్కా,

ఆటోమేటిక్! ఆ మాట రాయడానికి నీకు మనసెలా వచ్చింది?

నేను మీ ఊరు వచ్చినప్పుడల్లా ఆ పబ్బు వెనక క్లబ్బు కూడేది నువ్వూ చూశావు. కార్లు వరసగా నిలబెడతారు, ఎవరూ ఏమీ అనకముందే బానెట్లన్నీ పైకి లేస్తాయి. మనిషిని ఎలా ఉన్నావని అడిగేవాడు ఉండడు. నేరుగా వెళ్ళి ఇంజన్ మీద తల వంచుతారు. నార్మన్ టిబెట్స్ పెళ్ళాం చనిపోయిన నెలలో ఏమైందో గుర్తుందా? ఒక్కడూ అయ్యో అనలేదు. నలుగురు వెళ్ళి వాడి కార్బురేటర్లు చూసి, "బాగా శుభ్రం చేశావు నార్మన్" అన్నారు. వాడు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అలాంటి చోట నేను బానెట్ ఎత్తితే లోపల ముసలాళ్ళ కారు ఆటోమేటిక్ పెట్టె! వాళ్ళు నవ్వితే భరిస్తాను. నవ్వరు. పాపం అనుకుని పక్క కారు దగ్గరికి వెళ్ళిపోతారు. అది నేను భరించలేను.

పైగా బరువు. ఆ ఇంజనూ గేర్‌బాక్సూ కలిపితే మన ఫ్రేముకి మూడింతలు తూగుతుంది. ముక్కు బరువెక్కి, మలుపులో స్టీరింగు తిప్పితే బండి తిన్నగా పొలంలోకి పోతుంది. తేలికగా ఉండడం ఒక్కటే కదా ఈ బండి గొప్ప. అది తీసేస్తే దీన్ని చెయ్యడం ఎందుకు, ఒక సోఫా కొనుక్కుంటాను.

పాత ఎస్కార్ట్ ఇంజన్‌కే క్లచ్‌ని చేతికి మారిస్తే ఎలా ఉంటుందా అని కూడా చూశాను. స్టీరింగుకి ఒక చెయ్యి, గేరుకి ఒకటి, క్లచ్‌కి ఇంకోటి కావాలి. అటూ ఇటూ తిప్పే గేరు కర్ర పట్టుకుని అదే చేత్తో క్లచ్ నొక్కడం కుదరదు.

విను. బైకు ఇంజన్ పెడదాం. నాలుగు సిలిండర్లు, పదకొండు వందల సీసీ, గేర్‌బాక్స్ దాని పొట్టలోనే ఉంటుంది. మొత్తం ఇద్దరు మోసేస్తారు. క్లచ్ ఎలాగూ చేతిదే. గేరు కర్ర వెనక్కి లాగితే పై గేరు, ముందుకి తోస్తే కింద గేరు, అంతే. ఆ కర్రకే క్లచ్ పిడి బిగిస్తే ఎడమచెయ్యి రెండు పనులూ చేసేస్తుంది, కుడిచెయ్యి స్టీరింగు వదలక్కర్లేదు. కుడికాలు ఎక్సలేటరూ బ్రేకూ చూసుకుంటుంది. ఎడమకాలు ఉన్నవాడికి అందులో చెయ్యడానికి పనే లేదు. దేవుడు నన్ను తలుచుకుని జపాన్ వాళ్ళ చేత చేయించాడు అక్కా ఆ ఇంజన్ని.

ఇవాళ నర్సు నన్ను ఆసుపత్రి వరండా చివరిదాకా నడిపించింది. సముద్రం కనిపించింది, చూస్తే చలేసింది.

క్లైవ్


క్రాడ్లీ హీత్
17 మార్చి

ఒరేయ్ క్లైవ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మొదటిసారి కోపంతో.

బైకుకి రివర్సు గేరు ఉండదు. బైకువాడు దిగి కాళ్ళతో వెనక్కి నెట్టుకుంటాడు. నువ్వు దేంతో నెడతావు? పెట్రోలు బంకులో ఎవరి కారు వెనకో ఇరుక్కుంటే కట్టుడు కాలు తీసి చేత పట్టుకుని, "బాబ్బాబు, కాస్త వెనక్కి నెట్టండి" అని అరుస్తావా?

ఆ ఇంజన్లు ఎక్కడినుంచి వస్తాయో కూడా నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కుర్రాడెవడో చెట్టుని గుద్దుకుంటే, బైకులో పగలకుండా మిగిలింది ఇంజన్ ఒక్కటే అయితే, తుక్కు యార్డువాడు దాన్ని కడిగి బల్లమీద పెడతాడు. నిమిషానికి పదకొండు వేలు తిరిగే ఇంజన్ అది. నేను గేర్‌బాక్సులు బిగించే షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, వేగంగా తిరిగేది ఏం చేస్తుందో చూశాను. నువ్వు యాభై నాలుగేళ్ళ బస్సు డ్రైవరువి. నీ చేతులకి నిదానం అలవాటు.

ఎవరూ నీకు చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తాను. నీకు కాలు లేదు క్లైవ్. నలుగురు ఏమనుకుంటారో అని ఆలోచించే వయసు దాటిపోయింది. ఆటోమేటికే పెడతాను. ఒక ఏడాది పోయాక నువ్వే నాకు దణ్ణం పెడతావు.

డంక్లీ గారమ్మ నీకోసం అల్లం కేకు చేసింది. విడిగా పంపుతున్నాను, నలిగితే నన్ననకు.

మావిస్


స్కార్‌బరో
24 మార్చి

అక్కా,

కేకు నలగలేదు.

నాకు కాలు లేదని ఎవరో ఒకరు చెప్పాలన్నావు. పొద్దున్నే మంచం దిగబోయి నేను ఆ సంగతి రోజూ కొత్తగా తెలుసుకుంటూనే ఉన్నాను. నీ స్టాంపు దండగ.

నీ పద్ధతి నాకు తెలుసు. కెన్‌కి గుండెజబ్బు అని తేలిన రోజునుంచీ నువ్వు అతన్ని నిచ్చెన ఎక్కనివ్వలేదు, పార పట్టుకోనివ్వలేదు, కుక్కని తిప్పనివ్వలేదు. అన్నీ మంచికే చేశావు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టావు, అతను ఆ కుర్చీలోనే పోయాడు. ఇప్పుడు ఆ కుర్చీకే చక్రాలు బిగించి నాకు పంపిస్తానంటున్నావు.

ఇంజన్ నేనే కొన్నాను, హల్‌లో ఒక యార్డులో. లారీవాడు మీ ఇంటిముందు దించుతాడు. పెడతావో, పెరట్లో పాతిపెడతావో నీ ఇష్టం.

క్లైవ్


క్రాడ్లీ హీత్
12 మే

క్లైవ్,

ఇంజన్ వచ్చింది. షెడ్డులో తలుపు పక్కన పెట్టించి గుడ్డ కప్పాను. ముట్టుకోలేదు.

కెన్ గురించి రాసింది చదివాను.

మావిస్


స్కార్‌బరో
2 జూన్

అక్కా,

నువ్వు రాసిన నాలుగు ముక్కలూ మూడు వారాలుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. కెన్ గురించి అలా రాయకూడదు. నాకు బుద్ధిలేదు. అతను నాకు బావ కంటే ఎక్కువ, నీకు తెలుసు. నాకు తగిలిన దెబ్బకి ఎవరినో ఒకరిని కొట్టాలనిపించింది, అందుబాటులో నువ్వున్నావు.

ఇంటికి వచ్చేశాను. కట్టుడు కాలు వచ్చింది, నా మాట వినదు. నిన్న చిప్స్ కొట్టు ముందు దభీమని పడ్డాను. వరసలో నిలబడ్డవాళ్ళంతా ఆకాశంలో పక్షుల్ని చూడ్డం మొదలెట్టారు. కొట్టువాడు మాత్రం బయటికి వచ్చి లేపి, "చిప్స్ మీద వెనిగర్ వెయ్యమంటారా?" అని అడిగాడు. వాణ్ణి ముద్దుపెట్టుకుందామనిపించింది.

కుడిపాదం కాస్త సతాయిస్తోంది. ఇద్దరి పనీ ఒక్కటే చేస్తోంది కదా, అలిసిపోయుంటుంది. సిగరెట్లు రోజుకి రెండే, అవీ కిటికీ దగ్గర.

నార్మన్ ఉత్తరం రాశాడు. నాలుగు పేజీల్లోనూ వాడి కొత్త సైలెన్సర్ గురించే. చివర "నీ బండి ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాడు. నా గురించి ఎవరైనా అంత బెంగగా అడగడం ఈమధ్య ఇదే.

నీకు ఏ ఇంజన్ సరైనదనిపిస్తే అదే పెట్టు. నేనింక మాట్లాడను. కానీ గుడ్డ తీసి ఒక్కసారి దాన్ని చూడవా?

తమ్ముడు క్లైవ్


క్రాడ్లీ హీత్
21 జులై

ఒరేయ్ తమ్ముడూ,

గుడ్డ తీశాను.

ఇంత చిన్నదేమిటిరా! నా కుట్టుమిషను పెట్టెకంటే కాస్త పెద్దది. చుట్టూ తిరిగాను, తట్టాను, స్పార్క్ ప్లగ్గులు తీసి లోపలికి టార్చి వేసి చూశాను. గోడల మీద ఒక్క గీత లేదు. ఆ పనితనం చూసి, మా షాపులో ఇలాంటివి చెయ్యనిచ్చి ఉంటే నేను రిటైరయ్యేదాన్ని కాదేమో అనుకున్నాను.

తర్వాత చేసిన పని చెప్తే నవ్వుతావు, నవ్వు. ఫ్రేములో వంటింటి స్టూలు మెత్త వేసుకుని కూర్చున్నాను. కెన్ బెల్టుతో ఎడమకాలు మడిచి తొడకి కట్టేసుకున్నాను. చీపురు కర్ర గేరు, దానికి నా సైకిలు బ్రేకు పిడి క్లచ్. కళ్ళు మూసుకుని ఇక్కడినుంచి మన చిన్నప్పటి బడిదాకా మనసులో నడిపాను. ఎక్కడా చెయ్యి చాలకపోవడం లేదు, ఎక్కడా కాలు వెతుక్కోవడం లేదు. పెద్ద మలుపు దగ్గర రెండు గేర్లు దింపాను కూడా. సరిగ్గా అప్పుడు డంక్లీ గారమ్మ టీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"మావిస్, కాలేమైంది?" అంది.

"నాది కాదండి, తమ్ముడిది," అన్నాను.

"టీలో పంచదార వెయ్యనా?" అంది కప్పు కింద పెట్టి. వెయ్యమన్నాను.

ఆవిడ వెళ్ళాక అదే కట్టుతో కుంటుకుంటూ వెళ్ళి కెన్ కారులో కూర్చున్నాను. దాన్నీ నడపొచ్చు, ఏమీ కష్టం లేదు. కానీ ఆ ఫ్రేములో నేను డ్రైవర్ని, ఈ కారులో రోగిని. అలా కూర్చునే ఏడ్చాను. కెన్ నన్ను ఏనాడూ ఏమీ అనలేదు క్లైవ్. ఆ కుక్కని వీధి చివరిదాకా అయినా తిప్పుకోనివ్వాల్సింది. నువ్వు రాసింది కటువుగా రాశావు గానీ అబద్ధం రాయలేదు.

కాబట్టి నీ ఇంజనే పెడుతున్నాను. కెన్ కారు అమ్మేశాను. స్టావర్‌బ్రిడ్జ్ నుంచి ఒకతను వచ్చి, ఇంజనూ గేర్‌బాక్సూ తన వ్యానుకని పట్టుకెళ్ళాడు. పెద్ద గేర్‌బాక్సు కోసం ఫ్రేము మధ్యలో వెడల్పుగా వదిలిన దారిని కోసి ఇరుకు చేశాను. సీటు నీకు ఇంకాస్త విశాలంగా వచ్చింది. రివర్సు గురించి కంగారుపడకు. ఒక పాత స్టార్టర్ మోటారు వెనక షాఫ్టు పక్కన బిగిస్తున్నాను. బొత్తాం నొక్కితే బండి నత్తలా వెనక్కి జరుగుతుంది. ఎవరినీ బాబ్బాబు అననక్కర్లేదు.

కుడిపాదం నర్సుకి చూపించు, సాకులు చెప్పకు. ఉన్నది ఒక్కటి, దాన్ని మహారాజులా చూసుకో. నా బండికి అది కావాలి.

ప్రేమతో, అక్క


స్కార్‌బరో
11 ఆగస్టు

అక్కా,

ఒక మాట అడుగుతాను, కాదనకు. ఆటోమేటిక్ పెట్టెయ్.

బాగా ఆలోచించే రాస్తున్నాను. కారణం అడగకు. వయసుకి తగ్గ బుద్ధి ఇప్పటికి వచ్చిందనుకో. మార్చిలో నువ్వు చెప్పిందే సరి, నేనే మొండిగా వాదించాను. పబ్బు దగ్గర బానెట్ ఎత్తకుండా కూర్చుంటే సరిపోతుంది, ఎత్తాలని చట్టమేమీ లేదు కదా.

స్టావర్‌బ్రిడ్జ్ అతన్ని అడిగి చూడు. ఇంకా వ్యానులో బిగించి ఉండడు. ఇవ్వకపోతే అలాంటిదే ఇంకోటి వెతుకుదాం. తొందరలేదు. నాకైతే అసలు తొందరలేదు.

నీ బెల్టు ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

క్లైవ్


క్రాడ్లీ హీత్
25 ఆగస్టు

ఒరేయ్ వెర్రివాడా,

నీ ఎత్తు నాకు అర్థం కాదనుకున్నావా? కెన్ గురించి రాసినందుకు ఇంకా కుమిలిపోతున్నావు. అక్క మాట నెగ్గించి ప్రాయశ్చిత్తం చేసుకుందామని చూస్తున్నావు. పెద్దమనిషి తరహా నీకు నప్పదు, మానెయ్. చిన్నప్పుడు కూడా ఇంతే, నా బొమ్మ విరిచి, నీ బొమ్మ నాకిచ్చి, రాత్రంతా ముసుగుతన్ని ఏడ్చేవాడివి.

ఆటోమేటిక్ పెట్టను. పెట్టాలన్నా కుదరదు, ఫ్రేములో దానికి చోటే లేదు. బైకు ఇంజన్ బిగించడం అయిపోయింది. ఇంకా విను, మొన్న గురువారం స్టార్ట్ చేశాను!

మొదట రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. డంక్లీ గారమ్మ పిల్లి గోడ దూకి పారిపోయింది, ఇంకా తిరిగిరాలేదు. నార్మన్‌ని పిలిచాను. వాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి విన్నాడు. "ఎవరు ఎంచుకున్నారు ఈ ఇంజన్?" అని అడిగాడు. మా తమ్ముడు అన్నాను. "నడపడం కూడా అతనేనా?" అన్నాడు. "మరింకెవరు, ఒంటికాలితో," అన్నాను. వాడు టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "క్లబ్బులో అందరికీ చెప్తాను," అన్నాడు. చెప్పాడు కూడా. సెప్టెంబరు పధ్నాలుగు, శనివారం, నార్మన్ ట్రైలర్ మీద కారు మీ ఊరు తెస్తున్నాం. వెనక పదకొండు కార్లు వస్తున్నాయి. సముద్రం ఒడ్డున వరసగా నిలబెట్టి బానెట్లు ఎత్తుతారట. మొదటిది నీది.

గేరు కర్రకి పిడి నీ అరచేతి కొలతకి చేశాను. పోయినేడాది ఈస్టరుకి నువ్వు వదిలేసి వెళ్ళిన చేతితొడుగు పెట్టి చూసుకున్నాను. కుడి పెడళ్ళు రెండూ దగ్గరగా అమర్చాను, మడమ కదలకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పాదం వాలుతుంది. మంచి బూటు ఒకటి కొనుక్కో. ఒక్కటే అమ్ముతారేమో అడుగు, బేరమాడు.

క్లైవ్, నేను ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో.

మీ అక్క


ఆసుపత్రి, స్కార్‌బరో
5 సెప్టెంబరు

అక్కా,

కూర్చుని చదువు.

పోయిన బుధవారం కుడికాలు తీసేశారు. మోకాలి పైనుంచి. పాదం నల్లబడింది, ఆగితే ప్రాణం పోతుందన్నారు.

ఆగస్టు మొదట్లోనే డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే నీకు రాద్దామని కాగితం ముందేసుకున్నాను. బల్లమీద నీ జులై ఉత్తరం ఉంది. నువ్వు కాలికి బెల్టు కట్టుకుని చీపురు కర్రతో బడిదాకా వెళ్ళిన ఉత్తరం. అది రాసిన మనిషికి ఈ సంగతి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కారణం చెప్పకుండా ఇంజన్ ఒక్కటీ మార్పించేస్తే, కారు తయారయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చనుకున్నాను. నా జన్మలో నీతో వాదించి నెగ్గింది లేదు. నేను ఓడిపోతానంటే ఒప్పుకోకుండా నన్నే గెలిపిస్తావని ఎలా అనుకుంటాను?

నువ్వు ఎలాగూ లెక్కలు వేస్తావు కాబట్టి నేనే రాస్తాను. ఇప్పుడు ఎక్సలేటరూ బ్రేకూ ఒక చేతికి రావాలి. ఇంకో చెయ్యి స్టీరింగుకి. గేరు మార్చడానికి చెయ్యి మిగల్లేదు. అది తనంతట తనే మార్చుకోవాలి. కెన్ కారులోది సరిగ్గా సరిపోయేది. మార్చిలో నేను పంతం పట్టకపోతే ఈపాటికి అందులో ఉండేది.

సిగరెట్ల గురించి అడగబోతున్నావు. రోజుకి రెండు కాదు. ఎప్పుడూ రెండు కాదు.

ఫ్రేము కొయ్యకు. స్టావర్‌బ్రిడ్జ్ వాడి వెంటా పడకు. నాకు వేరే బండి చేసిపెడతానని రాయకు, నేను చదవను. క్లబ్బువాళ్ళని రావద్దను. వాళ్ళు మంచివాళ్ళే, కానీ వరసగా ఎత్తిన బానెట్ల ముందు చక్రాల కుర్చీలో నేను కూర్చోలేను. నువ్వు ఒక్కదానివే రా.

వచ్చేముందు ఒక్క పని చెయ్యి. దాన్ని నువ్వు నడుపు. ఊరికే షెడ్డు ముందు కాదు, నిజంగా నడుపు. ఎలా ఉందో రాయి. నన్ను ఓదార్చాలని బాగోలేదని మాత్రం రాయకు. నీ అబద్ధాలు నాకు కాగితం మీద ఇట్టే తెలిసిపోతాయి. ఇంజన్ ఎంచుకున్నది నేను. సరిగ్గా ఎంచుకున్నానో లేదో నాకు తెలియాలి. ఇంక నాకు తెలుసుకోవడానికి మిగిలింది అదొక్కటే.

క్లైవ్


క్రాడ్లీ హీత్
10 సెప్టెంబరు

నాన్నా క్లైవ్,

నీ ఉత్తరం చదివి షెడ్డులోకి వెళ్ళి రంపం తీశాను. ఫ్రేము మీద ఆనించాను కూడా. నార్మన్ ఎప్పుడు వచ్చాడో చూడలేదు. రంపం నా చేతిలోంచి తీసుకుని గోడకి తగిలించాడు. ఉత్తరం చదవమని ఇచ్చాను. చదివి మడిచి ఇచ్చేశాడు. చాలాసేపు ఇంజన్ వంక చూస్తూ నిలబడి, "వెల్డింగు చక్కగా వచ్చింది మావిస్," అన్నాడు. అప్పుడు ఏడుపు వచ్చింది.

నీమీద కోపంగా ఉంది. ఆగస్టులో ఒక్క ముక్క రాస్తే ఆ రాత్రికే రైలెక్కేదాన్ని. నామీద ఇంకా కోపంగా ఉంది. కారణం లేకుండా నువ్వు ఏదీ వదులుకోవని అరవై ఏళ్ళు దాటినా నాకు తెలియలేదు. ప్రాయశ్చిత్తమట! అది రాసి, స్టాంపు అంటించి, ఈల వేసుకుంటూ పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. సిగరెట్ల సంగతి మాట్లాడను. మాట్లాడి ఏం లాభం.

నడపమన్నావు, నడిపాను. నిన్న పొద్దున్నే నార్మన్ ట్రైలర్ మీద తీసుకెళ్ళి, విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో దించాడు. నిజం రాయమన్నావు కాబట్టి నిజమే రాస్తున్నాను.

మొదటి గేరులో భయం వేసింది. రెండోదాంట్లో భయం వెనక ఉండిపోయింది. కర్ర ఇలా లాగానో లేదో అలా పడుతుంది, చెయ్యి స్టీరింగుకి తిరిగి వచ్చేసరికే బండి ఇంకో చోట ఉంటుంది. మలుపులో నేను చూసిన వైపు వెళ్ళింది, తిప్పానన్న గుర్తు కూడా లేదు. ముక్కులో బరువన్నది లేదు, దాని గురించి నువ్వు రాసిందంతా నిజం. తిరుగుడు నిమిషానికి తొమ్మిది వేలు దాటాక ఇంజన్ గొంతు మారుతుంది. అప్పుడు నాకు తెలియకుండానే అరిచాను, మాటలేమీ కాదు, ఊరికే అరిచాను. మైదానం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నార్మన్‌ని అడగాలి. పెట్రోలు అయిపోయేదాకా ఆపలేదు. ఆగాక దిగలేదు, నార్మన్ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

నేను ఇంతవరకు చేసినవాటిలో ఇదే మంచిది. నువ్వు సరిగ్గానే ఎంచుకున్నావు. ఆటోమేటిక్ పెట్టి ఉంటే పాడుచేసేదాన్ని.

ఎడమకాలు మొదటినుంచి చివరిదాకా ఓ పక్కన ఊరికే పడి ఉంది. కాసేపయ్యాక అది ఉందనే మరిచిపోయాను. నువ్వు చెప్పినట్టే, అక్షరాలా చెప్పినట్టే. ఆ బండికి కుడికాలు ఒక్కటి చాలు క్లైవ్. ఒక్కటి ఉంటే చాలు.

శనివారం రైల్లో ఒక్కదాన్నే వస్తున్నాను.

మావిస్